టవర్ క్లాక్ సందులో మా కరపత్రాలు వేసే ప్రెస్

అనంతపురంలో కరపత్రాలు ఎక్కడ వేయిస్తారక్కా అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం కంటే ఒకసారి రాసిపెడితే మేలనిపించింది. నేను చెప్పే ప్రెస్ టవర్ క్లాక్ నుంచి ఐదు నిమిషాల నడక. సందులోకి తిరగ్గానే ఇంకు వాసన వస్తుంది. ముందు గదిలో ఒక కంప్యూటర్, పెళ్లి కార్డుల శాంపిల్ ఆల్బమ్‌లు, వెనక ఆఫ్‌సెట్ మిషన్, దాని పక్కన కట్టింగ్ మిషన్. అంతే షాపు.

నేనొక చిన్న వామపక్ష పార్టీలో పనిచేస్తున్నాను. డిగ్రీ రెండో ఏడాదిలో చేరాను, ఇప్పుడు పీజీ. ఇది షాపు గురించిన మాట కాబట్టి పార్టీ పేరు రాయడం లేదు. మా దగ్గర డబ్బుండదని మాత్రం చెప్పాలి. తలా 20 రూపాయలు వేసుకుని, బస్టాండు దగ్గర డబ్బా పట్టుకుని వసూలు చేసి ప్రింటింగుకు పోగుచేస్తాం. అలాంటివాళ్లకి షాపువాళ్లు ఎంత మర్యాద ఇస్తారన్నది చాలా పెద్ద విషయం.

ఇక్కడికి రాకముందు వేరే చోట బ్యానర్ ఇచ్చాం. సాయంత్రం నాలుగింటికి ఇస్తామన్నారు. వెళ్తే ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలు వచ్చాయని మాది పక్కన పెట్టేశారు. రాత్రి తొమ్మిదిన్నరకు చేతికొచ్చింది, అందులో 'విద్యార్థి' కాస్తా 'విద్యార్ది' అయింది. మార్చమంటే మళ్లీ డబ్బులడిగారు. పొద్దున్నే ధర్నా. అదే పట్టుకుని నిలబడ్డాం. ఆరోజు నాకు కలిగిన బాధ ఇంకా గుర్తుంది.

ఈ ప్రెస్ సారుకి అరవై దాటి ఉంటాయి. మొదటిసారి వెళ్లినప్పుడు మా హాస్టల్ సమస్య మీద కరపత్రం మ్యాటర్ తీసుకెళ్లాను. రెండు రాత్రులు కూర్చుని రాసింది. 'సామ్రాజ్యవాద, పెట్టుబడిదారీ శక్తుల కుట్రలను తిప్పికొడదాం' అని మొదలవుతుంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. కాగితం బల్ల మీద పెట్టి, "మీ హాస్టల్లో ఏమైంది పాపా?" అని అడిగారు.

చెప్పాను. మా అంతస్తులో అరవై మందికి మూడు బాత్రూములు, అందులో రెండింటికి గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే ఒకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. నీళ్లు పొద్దున ఐదింటికి వచ్చి ఆరింటికి ఆగిపోతాయి.

"మరి ఈ గడియ సంగతి దీంట్లో యాడుంది?"

మూడో పేరాలో 'మౌలిక వసతుల లేమి' అని ఉంది, అదే చూపించాను. ఆయన వేలు ఆ మూడు మాటల మీదే పెట్టి, "నువ్వు నాకు నోటితో చెప్పింది చెప్పినట్టు రాయి పాపా. చదివే పిల్లకు అది తన తలుపే అని తెలియాల" అన్నారు. పాడైపోయిన పెళ్లి కార్డు షీటొకటి ఇచ్చి స్టూలు చూపించారు. అక్కడే కూర్చుని, దాని వెనక మళ్లీ రాశాను. గంట పట్టింది. ఆ గంటలో రెండుసార్లు టీ వచ్చింది.

మర్నాడు సాయంత్రం పంచితే, అమ్మాయిలు నీళ్ల తొట్టి దగ్గరే నిలబడి చివరిదాకా చదివారు. ఒకమ్మాయి 'తలుపు పట్టుకుని నిలబడాలి' అన్న లైను పైకి చదివి పక్కనున్న పిల్ల చెయ్యి పట్టుకుంది. అర్జీ మీద 41 సంతకాలు వచ్చాయి. పది రోజుల్లో గడియలు బిగించారు. నీళ్లు ఇప్పటికీ గంటే వస్తాయి, దాని మీద ఇంకా తిరుగుతున్నాం. మా పార్టీలో ఒక అన్న ఆ కరపత్రం చూసి "ఇందులో రాజకీయం ఏదమ్మా?" అన్నారు. నాకు గడియలోనే కనిపించింది, ఆయనకూ అదే చెప్పాను. ఆ హాస్టల్ నుంచి ఆ ఏడు నలుగురు మాతో మీటింగులకు రావడం మొదలుపెట్టారు.

ఇక పని సంగతి. వాట్సాప్‌లో మనం పంపేది యూనికోడ్ తెలుగు. ఈ ప్రెస్సులో పాత పద్ధతిలో, యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతుంటాయి. మా పోస్టర్లో ఒకసారి 'హక్కు' 'హకు' అయింది. ప్రూఫ్‌లో, అంటే అచ్చుకు ముందు సరిచూసే కాపీలో, సారే పట్టుకున్నారు, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి చూపించారు. ప్రూఫ్ మీద మన సంతకం లేకుండా ప్లేటుకు (అచ్చు వేసే రేకుకు) పంపరు. తొందరలో ఉన్నప్పుడు విసుగనిపిస్తుంది గానీ, 'విద్యార్ది' బ్యానర్ మోసిన చేతులకి ఆ విసుగు ఎక్కువసేపు ఉండదు.

2024 ఎన్నికలప్పుడు ఇంకో విషయం తెలిసింది. మా అభ్యర్థి కరపత్రం తీసుకెళ్తే, డిక్లరేషన్ కావాలన్నారు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ ఉంది. ఎన్నికల కరపత్రం మీద ప్రింటర్, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండాలి. ప్రచురణకర్త సంతకంతో, అతన్ని స్వయంగా ఎరిగిన ఇద్దరి సాక్షి సంతకాలతో డిక్లరేషన్ రెండు ప్రతులు ప్రెస్సుకివ్వాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మమ్మల్ని చిన్నవాళ్లమని అనుమానిస్తున్నారేమో అని మొదట మనసు నొచ్చుకుంది. ఆయన పెద్ద పార్టీలవాళ్లవి ఉన్న ఫైలు తీసి చూపించారు. అందరికీ అదే ఫారం.

ప్రచురణకర్తగా నా పేరు పెట్టాం. ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ అడుగున ఉన్న ఆ చిన్న అక్షరాల్ని కొంగుతో తుడిచి తుడిచి చదివింది. తర్వాత, "జైలుకేమన్నా పోతావా?" అని అడిగింది. 1952లో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి తాను జైల్లో ఉంటూనే కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డి మీద గెలిచిన ఊరు మాది. ఆ కథ మా అమ్మకీ తెలుసు. అయినా కూతురి దగ్గరికొచ్చేసరికి భయం వేరు.

మే 13న పోలింగ్ అయింది. పోలైన వాటిలో చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది, మాకు 10,000 పోయింది. ఫలితాలొచ్చిన వారం తర్వాత ప్రెస్సుకి మిగిలిన బాకీ కట్టడానికి వెళ్లాను. ఎన్ని ఓట్లొచ్చాయని సారు అడగలేదు. "కాలేజీలు తెరిచేలోపు మ్యాటర్ రాసుకో పాపా" అన్నారు.

రేట్లు: డెమీలో (ప్రెస్సుల్లో వాడే ఒక పెద్ద కాగితం సైజు) నాలుగో వంతు సైజు, రంగు కాగితం, సింగిల్ కలర్, ఒక వైపు, వెయ్యి కాపీలకు మొన్న మేమిచ్చింది 850. ఐదొందలు వేయించినా పెద్దగా తగ్గదు, ఎందుకంటే ప్లేటు ఖర్చు ఒకటే. కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి వెయ్యి వేయించుకోండి. ఫోన్‌పే ఉంది. బాకీ పెట్టొచ్చు గానీ చెప్పిన రోజుకి కట్టండి, తర్వాత వెళ్లేవాళ్లకి ఆ మాట పోకూడదు.

లోపాలూ ఉన్నాయి. మాఘమాసంలో, శ్రావణంలో పెళ్లి కార్డుల ఒత్తిడి ఉంటుంది, మూడు రోజుల ముందైనా ఇవ్వాలి. మల్టీకలర్ పోస్టర్లు వేరే ఊరు పంపి వేయిస్తారు, ఆలస్యమవుతుంది. కటింగ్ ఒకసారి వంకర పోయి రెండొందల కాపీల్లో చివరి లైను తెగింది. మళ్లీ వేసిచ్చారు, డబ్బు తీసుకోలేదు. కానీ ఆ పూట పంచాల్సింది మర్నాటికి పోయింది. డిజైన్ కొత్తగా ఉండాలనుకుంటే ఇక్కడ కుదరదు, అక్షరం తప్పు లేకుండా ఉండాలంటే ఇక్కడికే వెళ్లండి.

కట్టింగ్ మిషన్ కింద రంగు కాగితం ముక్కలు పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. మేం వాటిని దారంతో కుట్టుకుని, కరపత్రం చదివి ఆగిన పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో రాసుకుంటున్నాం. పసుపు ముక్కల పుస్తకం నిండింది, ఇప్పుడు గులాబీ రంగుది నడుస్తోంది.