యూత్ మీటింగా, ఆదివారం ఆరాధనలో బాధ్యతా?

చర్చిలో యువతను కలుపుకోవడానికి రెండు దారులు: వాళ్లకంటూ వేరే మీటింగ్, లేదా ఆదివారం ఆరాధనలోనే ఒక పని. శనివారం సాయంత్రం యూత్ మీటింగ్ మొదలుపెట్టడం తేలిక: ఒక గది, గిటారు, చాయ్-సమోసా చాలు. స్నేహాలు కుదురుతాయి, పెద్దల ముందు అడగలేని ప్రశ్నలు బయటికొస్తాయి. కానీ గచ్చిబౌలిలో షిఫ్టు ముగించుకుని సికింద్రాబాద్ చేరేసరికి మీటింగ్ అయిపోతుంది. పైగా ఇంటర్ పిల్లల్నీ ఉద్యోగస్తుల్నీ కలిపి కూర్చోబెట్టి గంటసేపు ఇంకో ప్రసంగం చెబితే కుర్చీలు ఖాళీ అవుతాయి.

ఆరాధనలోనే పని అప్పగించడం కష్టమైన దారి. అయినా మా మొగ్గు దీనివైపే. వాక్యపఠనమే తీసుకోండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు తెలుగు బైబిల్లో ‘ప్రత్యక్షపు గుడారము’ లాంటి మాటల దగ్గర తడబడతారు. ఎవరైనా నవ్వారంటే మళ్లీ ముందుకు రారు. అందుకే చదవాల్సిన భాగం బుధవారమే పంపాలి, శనివారం మైకు ముందు రెండుసార్లు పైకి చదివించాలి. సౌండ్ మిక్సర్ అయితే రెండు వారాలు పక్కన నిలబడి చూడాలి, మూడో వారం పెద్దవాళ్లు తోడుండగా చేయాలి, నాలుగో వారం సొంతంగా. మైకు స్పీకర్ వైపు తిరిగితే కీచుమంటుందని అప్పుడే చేత్తో తెలుస్తుంది.

ప్రతి పనికీ ఇద్దరుండాలి. బాగా పాడే ఒక్కరినే వారం వారం నిలబెడితే, పరీక్షలు రాగానే ఆ చోటు ఖాళీ. రెండూ నడపగలిగితే మీటింగ్‌ను నెలకొకటి చేయండి.