పర్లాకిమిడి వర్క్‌షాపు చేసిచ్చిన నక్షత్ర పలక

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో నేమ్‌బోర్డులు, షీల్డులు, ట్రోఫీలు చేసే ఒక చిన్న వర్క్‌షాపు మా ఆట కోసం నక్షత్రాల నమూనా ఒకటి తయారుచేసి ఇచ్చింది. అర మీటరు చదరపు పలక మీద స్టీలు కడ్డీలు నిలిపి, ఒక్కో కడ్డీ కొన మీద ఒక్కో పూసను నక్షత్రంగా అమర్చారు. నాలుగు నెలలుగా ఆదివారాలు దాని ముందే కూర్చుని ఆడుతున్నాము కనుక, ఇటువంటిది చేయించుకోదలచిన వారికి పనికివచ్చేంత వివరంగా రాస్తున్నాను.

మేము ఆడేది ట్రావెలర్. మార్క్ మిల్లర్ రూపొందించగా 1977లో అమెరికాలోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ ప్రచురించిన సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లే ఆట ఇది. ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర ఉంటుంది, కథ నడిపే రెఫరీ ఒకరు ఉంటారు, సందేహం వచ్చిన చోట రెండు పాచికలు వేస్తారు. ఇందులో అంతరిక్షమంతా తేనెపట్టు గళ్ల కాగితం. గడికి ఒక పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాలు. అడ్డంగా 8, నిలువుగా 10 గళ్లు కలిస్తే ఒక సబ్‌సెక్టార్. ఓడ జంప్ అంకె ఎంతో అన్ని పార్సెక్కుల వరకు అది దూకగలదు. దూరం ఎంతైనా ప్రయాణానికి దాదాపు వారం పడుతుంది, దూకే ప్రతి పార్సెక్కుకూ ఓడ టన్నుల్లో పదో వంతు ఇంధనానికి పోతుంది, వార్తయినా ఓడ మీదనే చేరాలి. ఆటలోని వ్యాపారం, దోపిడి, యుద్ధం అన్నీ ఈ కొద్దిపాటి నియమాల నుంచే పుడతాయి. అందుచేత పటం మారిందంటే ఆటే మారినట్టు.

కల్పిత లోకాలను వదిలి సూర్యుడి చుట్టూ నిజంగా ఉన్న నక్షత్రాల మధ్య ఆడుదామనుకున్నప్పుడు చిక్కు మొదలైంది. గళ్ల కాగితం మీద ఎత్తుకు చోటు లేదు. ఎత్తును విడిచిపెట్టి నక్షత్రాలను కాగితం మీదికి అణిచి చూశాము. ఆల్ఫా సెంటారి సూర్యుడికి 2.1 కాంతి సంవత్సరాల దూరంలో పడింది. నిజానికి అది 4.37 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాగితం ప్రకారం జంప్-1 ఓడ అక్కడికి సునాయాసంగా వెళ్లిపోతుంది, ఆకాశం ప్రకారం వెళ్లలేదు. ఇంత దగ్గరి పొరుగునే తప్పుగా చూపించే పటంతో ఆడడం నాకు ఇష్టం లేకపోయింది.

తరువాత ప్రతి నక్షత్రం పక్కనా ఎత్తును అంకెలలో రాసుకున్నాము. దానితో, ఆట మంచి పట్టులో ఉండగా ఎవరో ఒకరు ఫోను తీసి వర్గమూలం కట్టవలసి వచ్చేది. సెలెస్టియా, గయా స్కై వంటి ఉచిత ప్రోగ్రాములు కంప్యూటర్ తెర మీద నక్షత్రాలను ఎంతో అందంగా తిప్పి చూపిస్తాయి, వాటి నుంచి నేను చాలా నేర్చుకున్నాను కూడా. అయితే మౌసు ఒకరి చేతిలోనే ఉంటుంది, మిగిలిన వారు చూస్తూ కూర్చోవాలి. అందరి చేతులూ చేరగలిగే పటం కావాలని వర్క్‌షాపుకు వెళ్లాను.

అక్కడి పెద్దాయనకు మొదటిరోజు నేను మూడు నిరూపకాల పట్టిక ఇచ్చాను. హిప్పార్కస్, గయా ఉపగ్రహాల కొలతలతో వెలువడిన జాబితాల నుంచి నేను లెక్కకట్టుకున్న పట్టిక అది. ఆయన దానిని చాలాసేపు చూసి, ఇది పఠాణి సామంత పని కదా అన్నారు. ఖండపడాలో వెదురు బద్దలతో పరికరాలు చేసుకుని ఆకాశాన్ని కొలిచిన ఆ జ్యోతిర్వేత్త పేరు ఒడిశాలో తెలియని వారు అరుదు. ఆ పైన ఆయన, "బాబూ, ఈ లెక్క నాకొద్దు. ఏ కన్నంలో ఎంత పొడుగు కడ్డీ నిలబెట్టాలో రాసి ఇయ్యి, చాలు" అన్నారు. ఈ సమీక్షలో అన్నిటికంటే విలువైన మాట అదేనని నా అభిప్రాయం. కొలతలు ఆకాశంలోవి కాకుండా బల్ల మీదివిగా మార్చి ఇస్తే పనివారికి సందేహమే రాదు.

ఒక కాంతి సంవత్సరానికి 2 సెంటీమీటర్లు పెట్టుకున్నాము. నక్షత్రంగా వెలగడానికి చాలినంత బరువు లేని గోధుమ మరుగుజ్జులను పక్కన పెడితే, కలిసి తిరిగే నక్షత్రాలను ఒకే వ్యవస్థగా లెక్కిస్తే, 12 కాంతి సంవత్సరాల లోపల 20 నక్షత్ర వ్యవస్థలు ఉన్నాయి, సూర్యుడితో కలిపి 21 పూసలు. నల్ల సన్‌మైకా అతికించిన ప్లైవుడ్ మీద రెండేసి సెంటీమీటర్ల గళ్లు తెల్లగా చెక్కారు. సూర్యుడి కడ్డీ 22 సెంటీమీటర్లు. అన్నిటికంటే పొడవైన స్ట్రూవే 2398 కడ్డీ 42 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, అన్నిటికంటే పొట్టిదైన ఎప్సిలాన్ ఇండి కడ్డీ 2 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. సూర్యుడికి ఒకటి ఎంత పైనో మరొకటి దాదాపు అంత కిందన ఉన్నదని పలక ముందు కూర్చునే వరకు నాకు తట్టలేదు. ఆల్ఫా సెంటారి పూసను పైనుంచి చూస్తే సూర్యుడికి నాలుగు సెంటీమీటర్ల దూరమే కనిపిస్తుంది. తల వంచి పక్కనుంచి చూస్తే ఏడున్నర సెంటీమీటర్లకు పైగా కిందికి దిగి ఉంటుంది. మే, జూన్ రాత్రులలో మా ఊరి నుంచి దక్షిణాన నేలకు కాస్త పైనే కనిపించే నక్షత్రం పలక మీద కూడా కిందనే ఉండడం చూసి మా పిల్లలు సంబరపడ్డారు.

ఎర్ర మరుగుజ్జులు, అంటే మసకగా వెలిగే చిన్న నక్షత్రాలు, తప్ప మరేమీ లేని వ్యవస్థలు పదమూడు. వాటికి మా ఊరి కొమ్ము పనివారి దగ్గర గేదె కొమ్ముతో చేసిన ముదురు రంగు పూసలు తెచ్చి ఇచ్చాను. మనవాళ్లు లుబ్ధకమనే సిరియస్‌కు తెల్లని గాజు పూస పెట్టారు. వెలుతురు పడితే అదొక్కటే మెరుస్తుంది, మిగిలినవి దగ్గరికి వెళ్తే గాని కంటికి ఆనవు. నిజమైన ఆకాశంలోనూ ఆ పదమూడింటిలో ఒక్కటి కూడా వట్టి కంటికి కనిపించదు.

దూరం కొలవడానికి ఒక గట్టి దారానికి ఆరున్నర, పదమూడు, పందొమ్మిదిన్నర సెంటీమీటర్ల దగ్గర ముడులు వేసుకున్నాము. మొదటి ముడి జంప్-1, రెండవది జంప్-2, మూడవది జంప్-3. రెండు పూసల మధ్య దారం లాగితే చాలు, లెక్క అక్కడితో తేలిపోతుంది.

తెచ్చిన వారమే ఒక పొరపాటు బయటపడింది. టౌ సెటీకి, దాని పొరుగున ఉన్న లూయిటెన్ 726-8కు మధ్య దూరం 3.2 కాంతి సంవత్సరాలు, జంప్-1కు సరిగ్గా అందాలి. మా వ్యాపారి పాత్రధారి దారం లాగితే రెండవ ముడి కూడా చేరలేదు. టౌ సెటీ కడ్డీ కొలిచి చూస్తే 15.5 సెంటీమీటర్లు ఉండవలసినది 28.5 ఉంది. నా మొదటి పట్టికలో సూర్యుడికి కిందన అని తెలిపే మైనస్ గుర్తును ఎవరో ప్లస్‌గా తీసుకున్నారు. పలకను వెనక్కి తీసుకువెళ్లగా పెద్దాయన మారుమాట లేకుండా కడ్డీ కోసి, కొన నున్నగా అరగదీసి, పావుగంటలో తిరిగి నిలబెట్టారు. డబ్బు తీసుకోలేదు. నా పట్టికలో గందరగోళం ఉన్నదని నేనూ ఒప్పుకున్నాను.

ఇక ఆట ఏమైందంటే, సూర్యుడు జంప్-1 ఓడలకు గోడ లేని చెరసాల అయ్యాడు. సూర్యుడికి ఒక పార్సెక్ లోపల మరో నక్షత్రమే లేదు. నియమాల పుస్తకంలోని 200 టన్నుల ఫ్రీ ట్రేడర్ జంప్-1 ఓడ. భూమి దగ్గర అది ఎక్కడికీ పోలేదు. జంప్-2 కావాలంటే అదే ఓడలో ఇంధనానికే 40 టన్నులు పోతాయి, సరుకుకు చోటు తగ్గుతుంది. జంప్ పరిధిని పెంచి ఈ ఇబ్బందిని తొలగించుకుందామని మాలో ఒకరు అన్నారు గాని నేను వద్దన్నాను. ఆ ఇబ్బంది వల్లనే జంప్-2 ఉన్న చిన్న స్కౌట్ ఓడకు మా ఆటలో రాజయోగం పట్టింది. టౌ సెటీ వైపు మాత్రం చవకైన జంప్-1 ఓడలు కూడా తిరుగుతాయి కనుక అక్కడొక సంత వెలసింది. సిరియస్, ప్రొసియాన్‌ల మధ్య కాగితం మీద 3.9 కాంతి సంవత్సరాలే వచ్చింది, దారం లాగితే అయిదుంబావు. కాపలా కాయడం కూడా కష్టమైంది: గళ్ల కాగితం మీద సరిహద్దు ఒక గీత, ఇక్కడ అది గోళం చుట్టూ ఉన్న తొక్క. ఆటలో నౌకాదళం నడిపే మిత్రుడు తన మూడు ఓడలను ఎక్కడ నిలపాలో తేల్చుకోవడానికి పలక చుట్టూ ఒక పూట తిరిగాడు.

లోపాలూ ఉన్నాయి. 35 సెంటీమీటర్లు దాటిన కడ్డీలు బల్ల కదిలితే ఊగుతాయి. 3 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 4 మిల్లీమీటర్లది అడగవలసింది. కడ్డీలు ఊడదీసి తీసుకువెళ్లడానికి వీలుగా అడుగున అంకెలు కొట్టారు, కాని అవి ఒడియా అంకెలు. పాతపట్నం నుంచి వచ్చే మిత్రుడు వాటిని చదవలేక రెండు కడ్డీలు తారుమారు చేశాడు, ఆ తరువాత తెలుగులో పేర్లు రాసిన స్టిక్కర్లు అంటించాము. దుమ్ము పడకుండా గాజు మూత లేదు.

మొత్తం ఖర్చు పూసలతో కలిపి 2,600 రూపాయలు, తొమ్మిది రోజులు పట్టింది. 36.7 కాంతి సంవత్సరాల దూరంలోని స్వాతిని కూడా చేర్చగలమా అని పెద్దాయనను అడిగాను. ఇదే కొలతలో అయితే పలక ఒకటిన్నర మీటర్లు కావాలని, అంత పలక తన గుమ్మంలోంచి బయటికి రాదని ఆయన చెప్పారు. కాంతి సంవత్సరానికి అర సెంటీమీటరు చొప్పున కొత్త పట్టిక రాస్తున్నాను, ఈసారి మైనస్ గుర్తులు లేకుండా, కడ్డీల పొడవులు మాత్రమే.