పాత మారియోకి మళ్లీ డబ్బులు: కొనుక్కోవడమా, చందా కట్టడమా?

1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్ అనే వీడియో గేమ్‌ను జపాన్ కంపెనీ నింటెండో తన గేమ్ మెషీన్ల తరం మారినప్పుడల్లా కొత్త పద్ధతిలో అమ్ముతూనే ఉంది.

2006లో వీ మెషీన్‌తో వచ్చిన, పాత ఆటలు అమ్మే వర్చువల్ కన్సోల్ సేవలో ఆటలు విడిగా కొనుక్కునేవాళ్లు. అమెరికాలో సూపర్ ఎన్‌ఈఎస్ (మారియో వరల్డ్ మొదట వచ్చిన పాత మెషీన్) ఆట సాధారణంగా 8 డాలర్లు, దాని తర్వాతి మెషీన్ నింటెండో 64 ఆట 10. ఒకసారి కడితే ఆ మెషీన్ పనిచేసినన్నాళ్లూ ఆట మన దగ్గరే ఉంటుంది. మెషీన్ మారితేనే తిప్పలు. వీ తర్వాత వచ్చిన మెషీన్ వీ యూ కొని పాత ఆటల్ని అందులోకి తెచ్చుకున్నా, చేతిలోని గేమ్‌ప్యాడ్ తెరమీద ఆడే కొత్త వెర్షన్ కావాలంటే అదే ఆటకు ఒక డాలరో, ఒకటిన్నరో మళ్లీ కట్టాలి. ఆ తర్వాతి మెషీన్ స్విచ్‌కి వచ్చేసరికి ఆ కొనుగోళ్లేవీ చెల్లలేదు. వీలో ఆ ఆటలు అమ్మిన ఆన్‌లైన్ వీ షాపు 2019 జనవరిలో మూతపడింది.

స్విచ్‌లో చందా కట్టి ఆడే స్విచ్ ఆన్‌లైన్ సేవ దారి వేరు. 2018లో ఏడాదికి 20 డాలర్లతో మొదలైంది. నింటెండో 64 ఆటలు కూడా కావాలంటే ఏడాదికి 50 డాలర్ల ప్యాక్. పదుల కొద్దీ ఆటలు ఒకేసారి చేతికొస్తాయి. ఆడుతూ తప్పు చేస్తే ఆటను వెనక్కి తిప్పుకోవచ్చు, వేరే ఊళ్లో ఉన్న తమ్ముడితో నెట్‌లో కలిసి ఆడొచ్చు. ఇది నిజంగా మంచి సౌకర్యం. కానీ వారానికొకసారైనా నెట్‌కి కనెక్ట్ చేయాలి, చందా ఆగిన రోజు ఆటలూ ఆగుతాయి.

ఐదేళ్ల చందా 100 డాలర్లు. ఆ డబ్బుతో 8 డాలర్ల ఆటలు 12 వచ్చేవి. అన్నీ రుచి చూడాలనుకునేవాళ్లకి చందా మేలు. ఏళ్ల తరబడి అవే మూడు నాలుగు ఆటలు ఆడే నాలాంటివాళ్లకి మాత్రం కొనుక్కునే వీలే కావాలి. స్విచ్‌లో సూపర్ మారియో వరల్డ్‌ను విడిగా అమ్మితే, మళ్లీ 8 డాలర్లు ఇష్టంగానే ఇస్తాను.