అరవై అన్నది ఇరవైగా వినబడకూడదంటే: జాబ్రా ఎవాల్వ్2 65 వైర్‌లెస్ హెడ్‌సెట్ సమీక్ష

ఇంటర్నెట్ కాల్స్ కోసం కొనే హెడ్‌సెట్‌తో ఒక చిత్రమైన చిక్కు ఉంది. డబ్బు పెట్టేది మనం, దాని మంచిచెడ్డలు తెలిసేది అవతలి మనిషికి. పాటల కోసం కొన్న హెడ్‌ఫోన్ బాగాలేకపోతే ఆ సంగతి మన చెవే చెబుతుంది. మాటల కోసం కొన్న హెడ్‌సెట్‌లో మైకు బాగాలేకపోతే మాత్రం, అవతలివారు మొహమాటం విడిచి ‘మీ మాట సరిగా రావడం లేదండీ’ అనేదాకా మనకు తెలియదు. చాలామంది ఆ మాట అనరు కూడా. అర్థమైనట్టు ఊఁ కొట్టి, తర్వాత వాట్సాప్‌లో మళ్ళీ అడుగుతారు.

నాకీ సంగతి తెలిసొచ్చింది కనెక్టర్ల వల్ల. నేను హైదరాబాద్‌లో సర్క్యూట్ బోర్డులు రూపొందించే పనిలో ఉన్నాను. మా టెక్నీషియన్ కోఠీ గుజరాతీ గల్లీలో నిలబడి, నేను మీటింగ్ యాప్‌లో చదువుతున్న జాబితా రాసుకున్నాడు. నేను అరవై కనెక్టర్లు చెప్పాను, అతను ఇరవై తెచ్చాడు. అడిగితే, “సార్, మీరు ఇరవై అనే అన్నారు” అన్నాడు. ఆ కాల్ రికార్డయి ఉండడంతో విని చూశాను. తప్పు అతనిది కాదు. అప్పుడు నేను వాడుతున్నవి చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌బడ్స్. వాటిలోని రొద తగ్గించే సాఫ్ట్‌వేర్, కాసేపు ఆగి నేను మళ్ళీ మాట మొదలుపెట్టిన ప్రతిసారీ, ఇది రొద కాదు మాటే అని తేల్చుకునేసరికి మొదటి అక్షరాన్ని మింగేస్తోంది. అరవైలో అకారం పోయినా, ఇరవైలో ఇకారం పోయినా మిగిలేది ‘రవై’ ఒక్కటే. రికార్డింగ్‌లో ఉన్నదీ అదే, మిగతాది అతను ఊహించుకున్నాడు.

ఆ తర్వాత కొన్నదే ఈ జాబ్రా ఎవాల్వ్2 65. జాబ్రా డెన్మార్క్‌కు చెందిన జీఎన్ సంస్థ బ్రాండు. ఆ సంస్థ 1869లో టెలిగ్రాఫ్ కంపెనీగా పుట్టింది, అంటే దూరం నుంచి మాట చేరవేయడం దానికి కొత్త వ్యాపారం కాదు. ఈ మోడల్ 2020లో వచ్చింది. ఒక చెవికి మాత్రమే ఉండే రకమూ, రెండు చెవులకూ ఉండే స్టీరియో రకమూ దొరుకుతాయి. నేను రెండోది, లింక్ 380 అనే యూఎస్‌బీ డాంగిల్‌తో (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రేడియో ముక్కతో) కలిపి తీసుకున్నాను. హార్డ్‌వేర్ పనివాడిని కాబట్టి విప్పి చూడాలని చేతులు దురద పెట్టిన మాట నిజమే కానీ, సమీక్ష అయ్యేదాకా స్క్రూడ్రైవర్ దూరంగా పెట్టాను.

అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది మైకు కాడ గురించి. దీనిలో 3 మైకులు ఉన్నాయి. చెవి దగ్గర నుంచి నోటి మూల వైపు సాగే చిన్న కాడ కూడా ఉంది. వీధిలో తిరిగేవారికి ఆ కాడ ఎబ్బెట్టుగా కనిపించవచ్చు గానీ, మాట స్పష్టతకు దానిని మించిన సాధనం లేదు. లెక్క చాలా సులభం: నోటి నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట బలం సుమారు 6 డెసిబెల్‌లు పడిపోతుంది. నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును చెవి దగ్గరకు, అంటే సుమారు 15 సెంటీమీటర్లకు జరిపితే 9 డెసిబెల్‌ల పైనే నష్టం. గదిలోని ఫ్యాను చప్పుడు మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంటుంది, తగ్గేది మాట ఒక్కటే. ఇయర్‌బడ్స్ ఆ నష్టాన్ని సాఫ్ట్‌వేర్‌తో పూడ్చుకోవాలి, అలా పూడ్చే క్రమంలోనే నా అకారం పోయింది. కాడ ఉన్న హెడ్‌సెట్‌లో మాట మొదటే బలంగా అందుతుంది కనుక సాఫ్ట్‌వేర్ అంత కర్కశంగా కత్తెర వేయనవసరం లేదు.

ఒకటికి మించి మైకులు ఎందుకంటే, ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో పోల్చుకోవడానికి. రెండు మైకుల మధ్య 2 సెంటీమీటర్ల దూరం ఉంటే, నోటి నుంచి వచ్చే మాట ఒకదానికంటే రెండోదానికి సుమారు 58 మైక్రోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ధ్వనిని సెకనుకు 16,000 సార్లు కొలిచే, అంటే 16,000 నమూనాలు తీసే వ్యవస్థలో ఒక నమూనాకు పట్టే కాలం 62.5 మైక్రోసెకన్లు, ఆ తేడా అంతకంటే చిన్నది. ఇంత చిన్న తేడాను పట్టుకుని, ఆ వరుసలో రాని ధ్వనులను తగ్గించడమే ఈ పద్ధతి. దీనికి ఒక బలహీనత ఉంది, అది ఏ కంపెనీ హెడ్‌సెట్‌కైనా ఉండేదే. గాలి నేరుగా మైకు రంధ్రానికి తగిలితే పుట్టే హోరు ఒక్కో మైకులో ఒక్కో రకంగా ఉంటుంది. రెండింటినీ పోల్చి తీసివేయబోతే అది తగ్గకపోగా పెరుగుతుంది. కాబట్టి ఎండాకాలంలో టేబుల్ ఫ్యానును ముఖానికి ఎదురుగా పెట్టుకుని కాల్ మాట్లాడే అలవాటు ఉన్నవారు దానిని పక్కకు తిప్పుకోవాలి. పైన తిరిగే సీలింగ్ ఫ్యానుతో అంత ఇబ్బంది లేదు. ఘ, భ, ఫ వంటి ఒత్తక్షరాలు పలికినప్పుడు నోటి నుంచి ఎగదన్నే ఊపిరీ ఇలాంటి హోరే పుట్టిస్తుంది. మైకు నోటికి సూటిగా కాకుండా మూలన ఉండడానికి అదే కారణం. కాడను సొగసు కోసం నోటి ముందుకు లాగవద్దు.

పరీక్షకు కాకినాడలో ఉన్న అక్క సాయపడింది. నేను ఇక్కడ వంటింటి గడపలో కూర్చుని అంకెలు చదవడం, తను అక్కడ రాసుకోవడం, తర్వాత రెండు కాగితాలూ పోల్చుకోవడం. తెలుగు అంకెల్లో తికమక పెట్టే జంటలు ఏరి పెట్టుకున్నాను: అరవై ఇరవై, మూడు ఏడు, పదమూడు పదిహేడు. పాత ఇయర్‌బడ్స్‌తో మొదలుపెట్టగానే అక్క, “ఒరేయ్, పక్క గదిలోంచి తలుపేసుకుని మాట్లాడుతున్నట్టుందిరా” అంది, ఆ కాగితంలో తప్పులు పడ్డాయి. ఈ హెడ్‌సెట్‌తో ఫ్యాను తిరుగుతుండగా చదివిన జాబితా పూర్తిగా సరిపోయింది. కుక్కర్ విజిల్ వేసినప్పుడు నా గొంతు కాస్త సన్నబడిందని చెప్పింది కానీ అంకె మాత్రం తప్పుపోలేదు. ఫ్యాను చప్పుడులా ఒకే తీరుగా సాగే రొదను గుర్తుపట్టి తీసేయడం యంత్రానికి తేలిక, విజిల్, గిన్నె కింద పడ్డ చప్పుడు వంటివి ఉన్నట్టుండి వస్తాయి కనుక కష్టం. ఆ కష్టంలో మాటను కాపాడుకోవడమే నాకు ముఖ్యం. విజిల్ వినబడితే వినబడనీ, అన్నం వండుకుంటున్నామని తెలిస్తే తప్పేముంది?

మైకు తర్వాత మాటను చెడగొట్టేది రేడియో. ఇక్కడ డాంగిల్ ఎందుకు అవసరమో చెప్పాలి, ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఉండగా ఇంకో ముక్క ఎందుకని చాలామంది దానిని పెట్టెలోనే వదిలేస్తారు. బ్లూటూత్‌లో పాటలకు ఒక దారి, మాటలకు ఇంకో దారి ఉంటాయి. పాటల దారి ఒకవైపే నడుస్తుంది, నాణ్యత బాగుంటుంది. మైకు తెరిచిన క్షణంలో సాధారణ బ్లూటూత్ హెడ్‌సెట్ మాటల దారికి మారుతుంది. ఆ దారిలో పాత పద్ధతి సెకనుకు 8,000 నమూనాలే తీస్తుంది, నమూనాల లెక్కలో సగం దాకానే ధ్వని అందుతుంది కనుక 4,000 హెర్ట్జ్‌కు పైనున్నది ఏదీ దాటదు. స అక్షరం సారం ఎక్కువగా ఆ పైభాగంలోనే ఉంటుంది. ఫోన్లో ఈమెయిల్ చెప్పేటప్పుడు ఎస్, ఎఫ్ ఒకేలా వినబడి ‘ఎస్ అంటే సీతలో ఎస్’ అని చెప్పుకోవలసి రావడం ఇందువల్లనే. 2011లో వచ్చిన ప్రమాణం 16,000 నమూనాల పద్ధతిని చేర్చింది, కానీ అది పనిచేయాలంటే రెండు కొసలూ దానికి ఒప్పుకోవాలి. ల్యాప్‌టాప్ ఒప్పుకోకపోతే చెప్పాపెట్టకుండా పాత పద్ధతికి జారిపోతుంది.

డాంగిల్ చేసే మేలు అదే. కంప్యూటర్‌కు అది బ్లూటూత్‌లా కాక మామూలు యూఎస్‌బీ సౌండ్ కార్డులా కనిపిస్తుంది. గాలిలో నడిచేది బ్లూటూతే అయినా, రెండు కొసలూ ఒకే కంపెనీ చేసినవి కనుక ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో ముందే ఒప్పందం ఉంటుంది. కాడను పైకెత్తితే మ్యూట్ అయ్యే ఏర్పాటు మీటింగ్ యాప్‌తో కలిసి నడవడానికీ డాంగిల్ తోడ్పడుతుంది. ఇదంతా ఉన్నా ఒక నిజం మిగిలే ఉంటుంది. కాల్ యాప్‌లు వాడే ఓపస్ కోడెక్ (మాటను కుదించి పంపి, అవతల మళ్ళీ విప్పే పద్ధతి) 2012 నుంచే ప్రమాణంగా ఉంది, అది 48,000 నమూనాల దాకా మోయగలదు. అంటే ఇంటర్నెట్ దారి వెడల్పుగానే ఉంది, ఇరుకైనది మన చెవికీ కంప్యూటర్‌కూ మధ్య ఉన్న ఆ మూరెడు గాలి దారే. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ ఇరుకును తీర్చగలదు కానీ, అదీ రెండు కొసల్లోనూ ఉంటేనే.

కంపెనీ చెప్పే 30 మీటర్ల పరిధి అడ్డులేని చోట మాట. అపార్ట్‌మెంటులో ఆ అంకెను పట్టించుకోవద్దు. బ్లూటూత్ నడిచే 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ పట్టీలోనే ఇరుగుపొరుగు ఇళ్ళ వైఫైలూ, మైక్రోవేవ్ ఓవెన్లూ ఉంటాయి. బ్లూటూత్ సెకనుకు 1,600 సార్లు చానల్ మారుతూ, రద్దీ ఉన్నవాటిని తప్పుకుంటూ నెట్టుకొస్తుంది. మన తల కూడా అడ్డమే. నీరు నిండిన శరీరం ఈ తరంగాలను పీల్చుకుంటుంది. హెడ్‌సెట్ రూపొందించేవారికి యాంటెన్నా ఏ చెవి పక్కన, ప్లాస్టిక్ లోపల ఎక్కడ, బ్యాటరీకి ఎంత ఎడంగా పెట్టాలన్నది పెద్ద తలనొప్పి. ఈ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, దానిలో పావు వంతు సుమారు 3 సెంటీమీటర్లు, అంత చోటు లోహం ఏదీ తగలకుండా వదలాలి. వాడేవారు చేయగలిగినది ఒకటుంది. యూఎస్‌బీ 3 పోర్టులూ, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులూ సరిగ్గా ఈ పట్టీలోనే రేడియో రొద వెదజల్లుతాయని 2012లో ఇంటెల్ స్వయంగా ఒక పత్రంలో వివరించింది. డాంగిల్‌ను హార్డ్ డిస్కు పక్క పోర్టులో పెట్టకుండా, ఒక పొట్టి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదకు తెచ్చుకుంటే మాట తెగడం బాగా తగ్గుతుంది. గదులు దాటి తిరుగుతూ మాట్లాడవలసిన పని ఉన్నవారికి బ్లూటూత్ సరైన దారి కాదు, డెక్ట్ రేడియో (ఇళ్ళలోని కార్డ్‌లెస్ ఫోన్లు వాడే పద్ధతి) వాడే హెడ్‌సెట్లు వారి కోసమే ఉన్నాయి.

ఆలస్యం గురించి రెండు మాటలు చాలు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికం ప్రమాణం చెబుతుంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ దాకా గీత గీసినట్టు ఫైబర్ వేసినా, సుమారు 13,000 కిలోమీటర్లకు కాంతికి కనీసం 65 మిల్లీసెకన్లు పడుతుంది, నిజమైన కేబుల్ దారి అంతకంటే పొడవు. మిగిలిన దానిలోంచే హెడ్‌సెట్ తన వాటా తీసుకోవాలి. అమెరికాలో ఉన్నవారితో రాత్రి కాల్స్‌లో ఇద్దరం ఒకేసారి మాట మొదలుపెట్టి ఒకేసారి ఆగిపోతున్నామంటే, ఆ నేరం పూర్తిగా హెడ్‌సెట్ మీద వేయకూడదు.

స్పీకర్లు 40 మిల్లీమీటర్లవి. మాటకు చక్కగా ఉన్నాయి, పాటకు ఫరవాలేదు. మన గొంతు మనకు కొద్దిగా వినిపించే సైడ్‌టోన్‌ను కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో సర్దుకోవచ్చు. దానిని కొద్దిగా పెంచుకుంటే గదిలో అరవడం తగ్గుతుంది, ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. బయటి రొదను వినేవారి చెవికి అందకుండా చేసే ఏఎన్‌సీ దీనిలో లేదు. మెత్తలు అడ్డుకున్నంతే. కొనేముందు ఈ తేడా తెలుసుకోవాలి: ఏఎన్‌సీ మన చెవికి మేలు చేస్తుంది, మైకులోని రొద తగ్గింపు అవతలివారి చెవికి మేలు చేస్తుంది. దుకాణాల్లో రెండింటినీ ‘నాయిస్ క్యాన్సిలేషన్’ అనే ఒకే మాటతో అమ్ముతారు.

బరువు 176 గ్రాములు. చెవిని చుట్టేది కాకుండా చెవి మీద ఆనే రకం. ఆ రకం ఏదైనా కళ్ళద్దాల కాడలనూ, చెవి కమ్మలనూ కొంత నొక్కుతుంది, ఒకసారి పెట్టి చూసుకుని కొనడం మంచిది. బ్యాటరీ 37 గంటలన్నది పాటలు వినడానికి చెప్పిన లెక్క. మైకు తెరిచి మాట్లాడితే అంతకంటే తక్కువ, ‘కాల్‌లో ఉన్నాను’ అని చెప్పే ఎర్ర దీపం వెలిగితే ఇంకా తక్కువ. అయినా ఒక పనిదినానికి నిశ్చింత. చెవి మెత్తలు విడిగా కొని మార్చుకోవచ్చు. బ్యాటరీని మాత్రం వాడేవారు తేలిగ్గా మార్చుకునేలా రూపొందించలేదు. లిథియం బ్యాటరీ వేడికీ, ఎప్పుడూ నిండుగా ఉండడానికీ త్వరగా ముసలిదవుతుంది కనుక, రాత్రంతా ఛార్జింగ్‌లో వదలకుండా ఉంటే నాలుగు కాలాలు వస్తుంది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీ వాడేవారే మార్చుకునేలా ఉండాలన్న నిబంధన అమల్లోకి రానుంది. ఆ తర్వాత వచ్చే మోడళ్ళలో ఈ కొరత తీరవచ్చు.

ఇదే డబ్బుకు ఏఎన్‌సీ ఉన్న మంచి పాటల హెడ్‌ఫోన్ వస్తుంది. రోజుకు ఒకటో రెండో కాల్స్ మాట్లాడి, మిగతా సమయమంతా పాటలు వినేవారు దానినే కొనుక్కోవాలి. రోజుకు నాలుగైదు గంటలు మాట మీదే బతికేవారికి, అంకెలూ పేర్లూ మందుల మోతాదులూ ఫోన్లో చెప్పవలసిన పని ఉన్నవారికి ఇది తగిన వస్తువు. పోయిన వారం మా టెక్నీషియన్ మళ్ళీ గుజరాతీ గల్లీకి వెళ్ళాడు. అరవై చెప్పాను, అరవై తెచ్చాడు. అయితే అతను ఇప్పటికీ నా మాటను నమ్మడం లేదు. “ఆరు పదులేగా సార్” అని ఒకసారి అడిగాకే డబ్బు కట్టాడు.