రెండున్నరేళ్లుగా ట్రెటినాయిన్ క్రీము: నా అనుభవం

నా చర్మం చిన్నప్పటి నుంచీ సున్నితం. సబ్బు మారిస్తే చాలు, బుగ్గలు కందిపోతాయి. దానికి తోడు గడ్డం మీద, దవడ అంచున మొటిమలు. ఉద్యోగం వచ్చి నెల్లూరు నుంచి బెంగళూరు మారతహళ్లికి చేరాక అవి మరీ ఎక్కువయ్యాయి. బోరు నీళ్లు పడలేదని అందరూ అన్నారు. చర్మ వైద్యురాలు మాత్రం మూసుకుపోతున్న చర్మరంధ్రాలను చూపించి 0.025 శాతం ట్రెటినాయిన్ రాశారు. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన మందు ఇది. మృతకణాలు రంధ్రానికి అడ్డుపడకుండా చూస్తుంది. అంటే వచ్చిన మొటిమ కన్నా రాబోయే మొటిమ మీదే దీని పని ఎక్కువ. అందుకే మొటిమ మీద చుక్క పెట్టి ఊరుకోకుండా, రాత్రిపూట ముఖమంతా పలచగా రాయాలి.

వారానికి రెండు రాత్రులు చాలని ఆవిడ చెప్పారు. త్వరగా తగ్గాలని నేను రోజూ రాశాను. ఐదో రోజుకు నోటి మూలలు చిట్లాయి, సాంబారు తగిలితే కళ్లలో నీళ్లు తిరిగేవి. ముక్కు పక్కన పొట్టు లేచింది. మూడో వారంలో కొత్త మొటిమలు గుంపుగా వచ్చాయి. మొదట్లో కొందరికి ఇలా అవుతుందని ముందే విన్నా, అద్దంలో చూసుకుంటే ఏడుపు వచ్చింది.

రెండు వారాలు పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ముఖం కడిగి ఇరవై నిమిషాలు ఆరనిచ్చి, ముందు మాయిశ్చరైజర్, దాని మీద బఠాణీ గింజంత క్రీము, పైన మళ్లీ మాయిశ్చరైజర్. నోటి మూలలకు, ముక్కుపుటాల పక్కన ముందుగా పెట్రోలియం జెల్లీ. ఈ పద్ధతే నా చర్మాన్ని నిలబెట్టింది. పన్నెండో వారం దాటాక ఒకరోజు ముఖం కడుగుతుంటే దవడ మీద వేలికి ఏమీ తగల్లేదు. ఆ నునుపు నాకు పదిహేనో ఏట తర్వాత అదే మొదటిసారి.

ఇక్కడి వాతావరణం సంగతి వేరుగా చెప్పాలి. బెంగళూరు తొమ్మిది వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. గాలి చల్లగా ఉండటంతో ఎండ తీవ్రత తెలియదు. సన్‌స్క్రీన్ లేకుండా స్కూటరు మీద ఆఫీసుకు వెళ్లిన రోజు సాయంత్రానికి బుగ్గలు మండేవి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి వారానికి రెండుసార్లకు తగ్గిస్తాను. వానాకాలంలో రోజు విడిచి రోజు.

నిరుడు బాబాయి కూతురి పెళ్లిలో నలుగు పెడుతూ పెద్దమ్మ ప్రేమగా నా ముఖానికీ సున్నిపిండి రుద్దింది. "వద్దు పెద్దమ్మా, మందు రాస్తున్నాను" అనేలోపే ఎడమ బుగ్గ అయిపోయింది. కడిగి చూస్తే రూపాయి బిళ్లంత మేర పైపొర లేచి, ఎర్రగా, తడిగా మెరుస్తోంది. పాపం, ఆవిడ నాకన్నా ఎక్కువ బాధపడింది. అప్పటినుంచి నలుగుకైనా, కనుబొమల థ్రెడింగ్‌కైనా వారం ముందే క్రీము ఆపుతున్నాను.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఒకసారి మందుల షాపులో "ఇందులోనూ అదే మందు ఉంది" అని వేరే ట్యూబు ఇచ్చారు. డబ్బా మీద చదివితే ట్రెటినాయిన్‌తో పాటు చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ఇంకా మొమెటాసోన్ ఉన్నాయి. మొమెటాసోన్ స్టెరాయిడ్. తెల్లబడతామని అలాంటివి నెలల తరబడి రాసుకుంటే చర్మం పలచబడి, మొటిమలు ఇంకా పెరుగుతాయి. దయచేసి చీటీలో ఉన్న పేరును, ట్యూబు మీది పేరును పక్కపక్కన పెట్టి చూడండి.

నల్లమచ్చలు ఏడాదికి బాగా తేలికపడ్డాయి. గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి ఈ క్రీము సరిపోలేదు. గర్భిణులు ఇది వాడకూడదు. మేం పిల్లల కోసం అనుకుంటున్నాం కాబట్టి, డాక్టరమ్మ సలహాతో వచ్చే నెల నుంచి ఆపేసి, మొటిమలకే వాడే మరో పూత మందు అజెలాయిక్ ఆమ్లానికి మారుతున్నాను.