అడుగున ఓ ముద్ద: రాజమహేంద్రవరంలో మూడు పూటల భోజనం

గోడల మీద ఏడు బోర్డులున్నాయి. ఏడింటిలోనూ మొదటి మాట 'దయచేసి'. ముప్పై ఏళ్ళకు పైగా పత్రికలో ప్రూఫులు దిద్దినదాన్ని, విస్తరి ముందు కూర్చున్నా నా కళ్ళు అక్షరాల మీదికే పోతాయి. 'దయచేసి విస్తరిలో చేతులు కడగరాదు.' 'దయచేసి ఎక్కువసేపు కూర్చోరాదు.' ముందు సగం బతిమాలడం, వెనక సగం హుకుం. 'కడగకండి' అని రాసి ఉంటే సరిపోయేది. ఆ 'అండి'లోనే కావలసినంత మర్యాద ఉంది.

కోటిపల్లి బస్టాండుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న చిన్న శాకాహార భోజనశాల ఇది. పేరు రాయడం లేదు. నా మెచ్చుకోలు ఒకరికి, ఫిర్యాదు మరొకరికి చెందుతాయి, పేరు మాత్రం ఇద్దరికీ ఒకటే. బంధువుల పెళ్ళికి వెళ్ళి, హైదరాబాదులో పెరిగిన మనవరాలితో కలిసి రెండు రోజుల్లో మూడు పూటలు ఇక్కడ తిన్నాను. భోజనం 140 రూపాయలు.

ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయలకు వంక పెట్టలేను. సాంబారు నీళ్ళు. పెరుగు మాత్రం గరిటెతో కోసి వేసేంత గట్టిగా ఉంది. మూడు పూటలూ ఇక్కడికే రావడానికి అసలు కారణం కంద బచ్చలి కూర. కంద మెత్తగా ఉడికి బచ్చలితో కలిసిపోవాలి, చింతపండు పులుపు నాలుకకు ముందు తెలియాలి, చివర కలిపిన ఆవపిండి ఘాటు ముక్కుకు తగలాలి. మొదటి పూట మూడూ కుదిరాయి. మారు అడిగితే వడ్డించే పెద్దాయన చేతిలోని గిన్నె వంచి చూపించి, "నిండుకుందండి" అన్నాడు.

"నిండుగా ఉంటే మరి వడ్డించరేం, అమ్మమ్మా?" అని మనవరాలు నా చెవిలో అడిగింది.

నవ్వాపుకోవడం కష్టమైంది. ఇంట్లో బియ్యం అయిపోయాయని నోటితో అనకూడదని మా అమ్మ నిండుకున్నాయనేది. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటేటప్పుడు వెళ్తాననరు, వెళ్ళొస్తానంటారు. ఇదంతా దానికి చెబుతుండగానే ఆయన లోపలికి వెళ్ళి, "అడుగున ఓ ముద్ద దొరికిందండి, అమ్మాయిగారు పుచ్చుకుంటారా?" అంటూ తిరిగొచ్చాడు. పదిహేనేళ్ళ పిల్లను ఇంతవరకు ఎవరూ 'గారు' అని ఉండరు. అది వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. కంద అంటే ముఖం తిప్పుకునే పిల్ల ఆ ముద్దంతా తినేసింది.

గమనించాను, మూడు పూటల్లో ఆయన ఒక్కసారి కూడా 'దయచేసి' అనలేదు. 'కాస్త చెయ్యి జరుపుతారా', 'ఇంకో చారెడు అన్నం పెట్టమంటారా' అన్నాడు. తెలుగులో అడగడం అలాగే ఉంటుంది: ఒక 'కాస్త', చివర ఒక ప్రశ్న, వద్దనడానికి ఎదుటివాడికి కొంచెం చోటు.

ఇక ఫిర్యాదు. ఒంటి గంట దాటితే జనం ఎక్కువ. తరువాతి వాళ్ళను తినేవాళ్ళ కుర్చీల వెనకే నిలబెడతారు. మర్యాద అన్న సంస్కృతపు మాటకు హద్దు అనే అర్థం ఉంది. వెనక నిలబడ్డ మనిషి ఊపిరి మెడకు తగులుతుంటే ఆ అర్థం నాకు బాగా తెలిసొచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం నేనింకా చారులో ఉండగా, గల్లా దగ్గరి యువకుడు ఫోనులోంచి తల ఎత్తకుండా, "అయిపోతే లేవండి మేడమ్" అని కేకేశాడు. వ్యాకరణం చూస్తే తప్పేమీ లేదు. 'అండి' ఉంది, 'మేడమ్' ఉంది. అయినా నా చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది.

పెద్దాయన మజ్జిగ గిన్నెతో వచ్చి అటూ ఇటూ చూసి, "మీకింకా మజ్జిగ రాలేదమ్మా, నెమ్మదిగా కానివ్వండి" అన్నాడు. నా వెనకున్న వాళ్ళతో, "రెండు నిమిషాలండి, ఇలా ఫ్యాను కిందికి రండి" అన్నాడు. వాళ్ళు జరిగారు. ఆ యువకుడి మీద అరవాలని నాకూ అనిపించింది కానీ, 'మర్యాదగా మాట్లాడు' అన్న మాట మన భాషలో ఎప్పుడో బెదిరింపుగా మారింది. మజ్జిగ కలుపుకున్నాను.

వెళ్ళదలచిన వాళ్ళు పన్నెండున్నర లోపు వెళ్ళండి. కంద బచ్చలి ఉంటుంది, మెడ వెనక ఎవరూ ఉండరు. చేతులు కడిగే చోట నేల జారుతుంది, పెద్దవాళ్ళు చూసుకోవాలి. వంటకు అయిదులో నాలుగు, వడ్డనకు అయిదుకు అయిదు, గల్లాకు ఒకటి. ఆ ఒకటి కూడా చిల్లర సరిగ్గా ఇచ్చినందుకు.

చివరి పూట పెద్దాయనకు ధన్యవాదాలు చెప్పబోయి ఆగిపోయాను. సభ ముగింపులో పనికొచ్చే ఆ మాట విస్తరి ముందు బరువుగా తోచింది. "కడుపు నిండిందండీ అన్నయ్యగారూ, వెళ్ళొస్తాం" అన్నాను.

"ఆయ్, మళ్ళీ దయచేయండమ్మా" అన్నాడు.

అన్నట్టు, ఏడో బోర్డులో 'దయచేసి శుబ్రత పాటించండి' అని ఉంది. ఒత్తు 'భ' రాయాలని మొదటి రోజే గల్లా దగ్గర చెప్పాను. "థాంక్యూ మేడమ్" అన్నాడు. మూడో పూటకూ అది 'శుబ్రత'గానే ఉంది.