పునుగుల్లాంటి అక్షరాలు: ‘బాలూ తమ్ముడు’ ఫాంటుతో మూడేళ్ళు

ఈ ఫాంటు మీద నాకు మొదట్నుంచీ ఒక్కటే కోపం: లైన్ల మధ్య అది వదిలే ఖాళీ. ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్కన డబ్బులిచ్చే కస్టమర్, అంత చోటు ఊరికే వదిలేస్తే ఒప్పుకుంటాడా? గుంటూరు బ్రాడీపేటలో చిన్న డిజైన్ షాపు నాది, రోజూ ఇదే గొడవ.

అక్షరాలు మాత్రం ప్రాణం. తెలుగు అక్షరం ఎలాగూ గుండ్రనే. లావు చేస్తే చాలా ఫాంట్లలో బరువెక్కి కూలబడుతుంది, ఇందులో నూనెలో వేసినట్టు పొంగుతుంది. గీతల చివర్లకు మొనలే ఉండవు. ముంబైలోని ఏక్ టైప్ వాళ్ళు చేశారు. ఒక్కో భాషకు చేసిన బాలూకి ఒక్కో పేరు: తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, మనకు తమ్ముడు. మా షాపులో ఫాంటు పేరెవరూ చెప్పరు, “తమ్ముణ్ణి పెట్టు” అంటారంతే.

పోయిన వేసవిలో మా సందు చివర పునుగుల బండి బాబాయ్ బోర్డు అడిగాడు. ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. పైన ‘అల్లం చట్నీతో’, కింద ‘వేడి పునుగులు’. అక్షరం పెద్దగా కనపడాలని ఎక్స్‌ట్రా బోల్డ్, అంటే అన్నిటికన్నా లావు రకం, పెట్టి, చుట్టూ తెల్లని అంచు గీసి, లైన్ల మధ్య ఖాళీని సగానికి సగం కుదించాను. స్క్రీన్ మీద బాగానే ఉంది. బండికి కట్టాక చూస్తే, ‘అల్లం’లో ఒత్తు తిన్నగా దిగి ‘డి’ గుడిలో కూర్చుంది. అంచులు కలిసిపోయి, రెండూ ఒకే ముద్ద.

బాబాయ్ కోప్పడలేదు. “ఏందబ్బాయ్, పిండి దగ్గర దగ్గరగా వదిలితే ఏమవుద్ది? అంటుకుపోవూ!” అంటూ చిల్లులగరిటెతో వాయి పైకి తీసి, జంటగా అతుక్కున్న రెండు పునుగులు చూపించాడు. అవి నాకే పెట్టాడు కూడా.

నా డబ్బుతోనే మళ్ళీ ప్రింటు వేయించాను. ఈసారి ఖాళీ జోలికి పోలేదు, అక్షరమే కాస్త తగ్గించాను. సందు మొదట్నుంచే చదవొస్తోంది. ఆ చోటంతా ఒత్తుల కోసమని ‘రాష్ట్రం’ అని ఒక్కసారి టైపు చేసి చూసుకున్నా తెలిసేది, చూసుకోలేదు.

ప్రాణం అన్నాను గానీ, అన్నిటికీ కాదు. విజిటింగ్ కార్డు సైజులో ‘ధ’ కింది గీత పూడుకుపోయి ‘ధర’ కాస్తా ‘దర’లా కనిపించింది. ఏ లావు ఫాంటుకైనా ఆ తిప్పలు ఉంటాయనుకోండి. ఓసారి పెద్దకర్మ కార్డుకు పెట్టి చూశాను, నవ్వొచ్చి వెంటనే తీసేశాను.

నా గిరాకీలో సగం టిఫిన్ బళ్ళు, ప్లేస్కూళ్ళు కాబట్టి నాకు సరిపోయింది. ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పనిచేసేవాళ్ళకు తమ్ముడిలాంటి యూనికోడ్ ఫాంటు అక్కరకు రాదు. అలాంటి ప్రెస్సుకు ఫైలు పంపాలంటే అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని ఒట్టి గీతల బొమ్మగా, మార్చాకే పంపుతున్నాను.

బాబాయ్ ఇంకో బోర్డు చెప్పాడు. ఈసారి మూడు లైన్లట. ఎత్తు ఇంకో అడుగు పెంచమన్నాను. ఆలోచిస్తున్నాడు.